ప్రాతరాశ చరిత్రము

మన గృహములలో నేడు తఱచుగా వినవచ్చు వివాదమొకటి కలదు. ప్రొద్దుటి పూట కడుపు నిండ తినవలెనా, లేక కొంచెము నోట వేసికొని మధ్యాహ్నము వఱకు ఆగవలెనా యనునది. ముసలివారు చద్దన్నపు మహిమను చెప్పుదురు. ఆచారపరులు ఋషులు రెండు పూటలే భుజించిరందురు. ఇంగ్లీషు చదివినవారు ఆ దేశీయులు గ్రుడ్లును మాంసమును ప్రొద్దుటనే ఆరగించి లోకము నేలిరని జ్ఞాపకము చేయుదురు. పత్రికలు చూచినచో ఒక వారము ప్రాతర్భోజనమే ప్రాణాధారమనియు, మఱుసటి వారము దానిని మానుటయే ఆరోగ్యమనియు వ్రాయుచుండును. వీరందఱును తమ తమ పక్షమునకు పూర్వుల యాచారమునే సాక్ష్యముగా తెచ్చుచున్నారు. ఆ సాక్షిని నేను కొంతకాలముగా ప్రశ్నించుచున్నాను. అది చెప్పిన దానిలో దేహతత్త్వము మాట కొంచెము. ఉపవాసము, కూలి, గడియారము, పరువు, వీని ముచ్చటయే యెక్కువ.

ముందుగా మాటలను చూతము. సంస్కృతమున ప్రొద్దుటి భోజనమునకు ప్రాతరాశమని పేరు. శ్రీమద్రామాయణమున ఈ మాట కనబడు తావు విచిత్రమైనది. అరణ్యకాండమునందును, మరల సుందరకాండమునందును, రావణుడు సీతకు గడువు పెట్టి, ఆలోపల తనకు లోబడనిచో తన వంటవాండ్రు ఆమెను తన ప్రాతరాశమునకై వధింతురని బెదరించును. ఉదయమున పెద్దవిందు కోరినవాడు ఆదికావ్యమున రాక్షసుడే యయ్యెను. మఱియొక మాట కల్యవర్తము. దీనికిని ప్రొద్దుటి తిండి యనియే యర్థము. కాని మృచ్ఛకటికమువంటి నాటకములలో దీనిని లెక్కింపదగని స్వల్పవస్తు వను భావమున వాడిరి. పేరులోనే అల్పత్వము చేరిపోయిన భోజన మిది. తెనుగువారి చద్ది మాత్రము అల్పము కాదు. దానికథ ముందు వచ్చును.

మన ధర్మశాస్త్రములు పగటి కొకసారి, రాత్రి కొకసారి భోజనము విధించి నడుమ తినరాదన్నవి. ఆ పగటి భోజనమైనను స్నానము, సంధ్య, దేవతార్చనము, వైశ్వదేవము ముగిసిన పిమ్మటనే. అనగా ప్రొద్దెక్కిన తరువాత ననుట. అయినను శాస్త్రకారులు ఆకలిని ఎఱుగనివారు కారు. ఆపస్తంబుడు సన్న్యాసికి ఎనిమిది కబళములు, వానప్రస్థునకు పదునాఱు, గృహస్థునకు ముప్పదిరెండు అని లెక్క పెట్టి, చదువుకొను బ్రహ్మచారికి మాత్రము మితము లేదనెను. మనువు క్రొత్తగా కాపురమునకు వచ్చిన పడుచులకును, కన్యలకును, రోగులకును, గర్భిణులకును అతిథులకంటె ముందే అన్నము పెట్టవచ్చునని చెప్పెను. ఇరువది సంవత్సరములుగా బడిలో పిల్లల మొగములు చూచుచున్న నాకు ఆపస్తంబుని సూత్రము మిక్కిలి ప్రియమైనది.

ఈ నియమమును ఈ మినహాయింపును మన దేశమునకే సొంతమని తలచువారు మధ్యయుగపు ఐరోపా చరిత్రను చూచినచో ఆశ్చర్యపడుదురు. అచ్చటను పెద్దమనుష్యులకు భోజనములు రెండే: మధ్యాహ్నమునకు కొంచెము ముందొకటి, సాయంకాల మొకటి. 13వ శతాబ్దిలో క్రైస్తవ ధర్మమును శాస్త్రముగా కూర్చిన థామస్ అక్వినాస్ తిండిపోతుతనమును ఐదు భేదములుగా విభజించి, వేళకు ముందే తినుటను అందొకటిగా పేర్కొనెను. కాని పిల్లలు, వృద్ధులు, రోగులు, కాయకష్టము చేయువారు ఉదయమున తినిన తప్పు లేదు. 1542లో ఆండ్రూ బోర్డు అను ఆంగ్ల వైద్యుడు పథ్యగ్రంథము వ్రాయుచు, విశ్రాంతిగా నుండువానికి దినమునకు రెండు భోజనములు చాలుననియు, కూలివాడు మూడుమార్లు తినవచ్చుననియు చెప్పెను. అదే శతాబ్దపు చివర విలియం హారిసన్ అను మతాచార్యుడు ఇంగ్లండును వర్ణించుచు, పూర్వము ప్రొద్దుటి తిండ్లు ఎక్కువగా నుండెననియు, దేవుని దయవలన అవి తగ్గిపోయి, మధ్యాహ్నము వఱకు ఓర్వలేని పడుచు కడుపులకు మాత్రమే మిగిలినవనియు సంతసించెను.

పుస్తకముల మాట యిట్లుండగా వంటయింటి లెక్కలు వేఱు కథ చెప్పుచున్నవి. 1512లో మొదలుపెట్టిన నార్తంబర్లాండు ప్రభువుగారి గృహవ్యయపుస్తక మొకటి నేటికిని నిలిచియున్నది. మాంసము నిషిద్ధమైన ఉపవాసకాలమున సైతము ఆ ప్రభువునకును ఆయన భార్యకును ప్రాతరాశమున రొట్టెలు, ఒక క్వార్టు బీరు, ఒక క్వార్టు ద్రాక్షసారాయము, ఉప్పుచేపలు, హెర్రింగు చేపలు లెక్కకు వ్రాయబడినవి. క్వార్టనగా లీటరునకు కొంచెము మించిన కొలత. చిన్నబిడ్డలకును బీరే. తక్కిన దినములలో గొఱ్ఱెమాంసమో, ఉడికించిన గోమాంసమో తోడగుచుండెను. ఇక్కడ ఉపవాసమనగా మాంసమునకు బదులు చేప తినుట. మన యిండ్లలో ఏకాదశినాడు అన్నమునకు బదులుగా పెట్టు పదార్థముల పట్టికను ఎవరైన వ్రాసియుంచిన, దానిని చదువు విదేశీయుడును ఇట్లే నవ్వుకొనును.

మొత్తముమీద 16వ శతాబ్ది వఱకు ఐరోపాలో ఈ దేశమువారు తేలికగా, ఆ దేశమువారు బలముగా తినిరను భేదము స్పష్టముగా కానరాదు. భేదమంతయు కష్టపడువారికి, కష్టపడనివారికి నడుమనే. దేశభేద మేర్పడుటకు కారణములు రెండు: వేడి పానీయముల రాక యొకటి, మధ్యాహ్నభోజనపు వేళ జాఱిపోవుట రెండవది.

వేడి పానీయములలో ముందు వచ్చినది చాకొలెట్టు. మెక్సికోనుండి స్పెయినునకు వచ్చిన ఈ చిక్కని పానీయము ఉపవాసదినములలో త్రాగవచ్చునా యని కతోలికులలో దీర్ఘమైన చర్చ జరిగెను. త్రాగునది పానీయమే కాని ఆహారము కాదనియు, ద్రవము ఉపవాసమును చెఱుపదనియు వాదించి ఫ్రాంచెస్కో మరియా బ్రంకాచ్చో అను కార్డినలు 1664లో రోము నగరమున ఒక గ్రంథమునే ప్రకటించెను. ప్రభుభోజన సంస్కారమునకు ముందుండవలసిన ఉపవాసము వేఱు. అందు మంచినీరైన పనికిరాకుండెను. ఆ కట్టడి 1953లో గాని సడలలేదు. తక్కిన ఉపవాసములకు మాత్రము బ్రంకాచ్చో వాదము మార్గము చూపినది. చాకొలెట్టు వెనుకనే కాఫీ వచ్చెను. లండనులో మొదటి కాఫీశాల 1652లో వెలసెను. 1669లో తురుష్క సుల్తాను పంపిన రాయబారి సులేమాన్ ఆగా పారిసు ప్రభువర్గమునకు దానిని రుచిచూపెను. నూఱేండ్లు గడచునప్పటికి అది ప్రభువుల మేడలనుండి వీథికి దిగెను. 1780లలో పారిసు నగరవర్ణనము వ్రాసిన మెర్సియే అను నాతడు, తెల్లవాఱుజామున వీథి మూలలందు ఆడువాండ్రు తగరపు పాత్రలు వీపున మోసికొనివచ్చి పాలు కలిపిన కాఫీని పనివాండ్రకు అమ్ముటను చిత్రించియున్నాడు. నిలువుకాళ్లమీద గ్రుక్కెడు వేడి కాఫీ, చేతిలో రొట్టెముక్క: నేడు కాంటినెంటల్ బ్రేక్‌ఫాస్టు అను పెద్దపేరుతో హోటళ్ల పట్టికలలో కనబడు తేలిక ప్రాతరాశమునకు పూర్వరూప మిదియే. ఉపవాసపు వెసులుబాటు ఒక వైపునుండి, కూలివాని తొందర మఱియొక వైపునుండి వచ్చి యొక గిన్నెలో కలిసినవి.

భోజనవేళ జాఱిన కథను ఫ్రెంచి మాటలే చెప్పుచున్నవి. వారి దెజునే, దీనే అను రెండు మాటలును ఒక్క లాటిను మాటనుండి పుట్టినవే. రెంటికిని మూలార్థము ఉపవాసమును విడుచుట, అనగా మన పారణము. ఇంగ్లీషు బ్రేక్‌ఫాస్టు అర్థమును అదియే. మొదట మధ్యాహ్నభోజనమైన దీనే అంతకంతకు వెనుకకు జరిగి 19వ శతాబ్దిలో రాత్రిభోజనమై కూర్చుండెను. ప్రొద్దుటిదగు దెజునే దాని ఖాళీలోనికి జరిగి మధ్యాహ్నభోజన మయ్యెను. ప్రొద్దుటి పూటకు మాట లేకపోగా చిన్న దెజునే అను నర్థమున పెతీ దెజునే అని క్రొత్తగా పేరు పెట్టుకొనిరి. బెల్జియములోను, స్విట్జర్లాండులోను, కెనడాలోని క్వెబెక్కులోను ఫ్రెంచి మాటలాడువారు నేటికిని ప్రాతరాశమునే దెజునే యందురు. ఈ మార్పు వారికంతగా తగులలేదు. మధ్యాహ్నమున నిండుభోజనము మఱల దొరకినది కనుక ఫ్రాన్సులో ఉదయపు తిండి చిన్నదిగానే నిలిచెను.

ఇంగ్లండులోను మొదట తేలికయే. జేన్ ఆస్టిన్ నవలలు వ్రాసిన 19వ శతాబ్దపు తొలినాళ్లలో పెద్దయిండ్ల ప్రాతరాశమనగా తేనీరు, కాల్చిన రొట్టె, వెన్న, చిన్న రొట్టెలు. అదియు పది గంటల వేళకు. వెనుకటి తరమువాడగు జాన్సను పండితుడు 1773లో స్కాట్లండు తిరిగివచ్చి, తక్కిన భోజనముల మాట యెట్లున్నను ప్రాతరాశమున స్కాట్లండువారు తమ్ము మించిరని ఒప్పుకొనవలసి వచ్చెను. అట్టి దేశమున మాంసపు ప్రాతరాశము మరల ఎట్లు వచ్చెను? భోజనవేళ జాఱుటయే. ట్యూడరు రాజుల కాలమున పగలు పదునొకండు గంటలకు తిను డిన్నరు, 18వ శతాబ్దపు చివరకు సాయంకాలము ఐదాఱు గంటలకును, విక్టోరియా రాణి కాలమున రాత్రి ఏడెనిమిదింటికిని చేరెను. మధ్యాహ్నమున లంచి యనునది ఇంకను స్త్రీల చిరుతిండిగా నుండుటవలన, బయటకు పోవు పురుషుడు ప్రొద్దుటనే గట్టిగా తినవలసి వచ్చెను. దానికి సంపదయు తోడయ్యెను. 1861లో గ్రంథరూపమున వెలువడిన ఇసబెల్లా బీటను గృహనిర్వాహ గ్రంథమున ప్రాతరాశపు పట్టిక చూడుడు: చల్లని మాంసఖండములు, కాల్చిన చేపలు, గొఱ్ఱెమాంసపు ముక్కలు, మూత్రపిండములు, సాసేజీలు, బేకను, గ్రుడ్లు, ఆమ్లెట్టు, రొట్టెలు, మార్మలేడు. మన కిచ్చిడి సైతము చేపయు గ్రుడ్డును చేర్చుకొని, కెడ్జరీ యను వికృతనామముతో ఆ బల్ల యెక్కినది. సన్న్యాసి పథ్యమునకు చేపను కలుపుట చూచి మన పెద్దలు ఏమనియుందురో!

కాని ఆ బల్ల ఇంగ్లండు ప్రజలందఱిదియు కాదు. అదే కాలమున మిల్లులలో పనిచేయువారి ప్రాతరాశము రొట్టెయు తేనీరును, ఉన్ననాడు కొంచెము క్రొవ్వును. 1863లో ప్రభుత్వము పక్షమున బీదజనుల ఆహారమును పరిశీలించిన ఎడ్వర్డ్ స్మిత్ అను వైద్యుడు, ఇంటికి వచ్చిన కొద్ది మాంసమును సంపాదించు పురుషునకు పెట్టి, తల్లియు బిడ్డలును రొట్టెతో తృప్తిపడుచున్నారని కనుగొనెను. రెండవ ప్రపంచయుద్ధమున 1940 జనవరి 8వ తేదీనుండి బేకను, వెన్న, చక్కెర రేషను పాలైనవి. బేకనుపై కట్టుబాటు 1954 జూలై వఱకు తొలగలేదు. ఆ పదునాలుగేండ్లలో పెద్దబల్ల యిండ్లనుండి చాలవఱకు లేచిపోయెను. నేడు లండనులోను ప్రతిదినమును అట్లు తినువారు అరుదు. ఆదివారములందును, హోటళ్లలోను, యాత్రికులకొఱకును అది మిగిలియున్నది. పూర్వాచారమని మనము చూచు ఇంగ్లీషు ప్రాతరాశపు వైభవకాలము నూఱేండ్లకు కొంచెము హెచ్చు తగ్గుగా నుండును.

అమెరికావారి సంగతి పొడిమాటలలో చెప్పి విడిచెదను. అచ్చట పొలము పనివారి బలమైన ప్రాతరాశము పట్నవాసమున అజీర్ణమునకు కారణమాయెనని తలచి, శాకాహారమును బోధించిన వైద్యులు పొడి ధాన్యపు తిండ్లు కల్పించిరి. బాటిల్ క్రీక్ ఆరోగ్యశాలలో కెల్లాగు సోదరులు 1894లో గోధుమ అటుకులు చేసిరి. తమ్ముడు 1906లో మొక్కజొన్న అటుకులకు కర్మాగారము పెట్టెను. అటుకులు మనకు క్రొత్త కావు. పెట్టెలో పోసి బొమ్మ వేసి అమ్ముటయే క్రొత్త. 1920లలో బేకను వ్యాపారులు తమ సరకు తగ్గుచున్నదని ఎడ్వర్డ్ బెర్నేస్ అను ప్రచారకుని ఆశ్రయింపగా, ఆతడు వేలకొలది వైద్యులకు జాబులు వ్రాయించి, తేలికకంటె బలమైన ప్రాతరాశమే మేలని వారిచేత చెప్పించి, ఆ మాటను పత్రికలకెక్కించెను. ఒకరు అటుకులమ్మిరి, ఒకరు మాంసమమ్మిరి. ఇరువురును ఆరోగ్యము పేరనే.

ఇక మన యింటికి వత్తము. చల్ది, చద్ది, తెలంగాణమున సద్ది: రాత్రి మిగిలిన యన్నమే యైనను తెనుగువానికి ఇది కాలమానము కూడ. చద్దివేళ యనిన ప్రొద్దు ఎంత యెక్కినదో పల్లెలో చెప్పనక్కఱలేదు. పెద్దల మాటను చద్దిమూటతో పోల్చిన జాతి మనది. భాగవత దశమస్కంధమున గోపబాలురు వనమున భుజించు ఘట్టమును సంస్కృతమూలముతో పోల్చిచూచిన వారికి ఒక ముచ్చట తెలియును. మూలమున కృష్ణుని వ్రేళ్ల నడుమ నున్నవి ఫలములు. పోతన చేతిలో అవి ఊరగాయలైనవి. బాలకృష్ణుని చేత చద్దిముద్ద పెట్టి, నంజుకొనుటకు ఊరగాయ నీయకపోయిన తెనుగు మనసు ఒప్పలేదు.

చద్ది తినువారి దినచర్య చూడుడు. కోడి కూయగానే కాడి కట్టి ఏరు పూనినవాడు ఎండ ముదురునప్పటికి మూడు నాలుగు గంటలు దున్నియుండును. వానికి అప్పుడు కావలసినది గ్రుక్కెడు పానీయము కాదు. కోస్తాలో గంజినీట నానిన యన్నము, పెరుగో మజ్జిగయో, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. తరవాణికుండ ఉన్న యింట ఆ పుల్లని నీరు. రాయలసీమలో రాగిసంకటి, అంబలి. తెలంగాణమున జొన్నగటుక. పాలేరునకు యజమాని యిచ్చు జీతములో ఈ చద్దియు ఒక భాగము. దానిని పొలమునకు మోసికొనిపోయినది యింటి స్త్రీ. అంతకుముందే ఆమె పాలు పితికి, పేడ యెత్తి, నీళ్లు తెచ్చి, పిల్లలకు పెట్టి వచ్చినది. రాత్రి పులిసిన యన్నమున మేలుచేయు సూక్ష్మజీవులు పెరుగుననియు, ధాన్యమునందలి ఇనుము దేహమునకు సులభముగా పట్టుననియు నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆనాటివారు ఆ లెక్కలకై తినలేదు. ప్రొద్దుటనే పొయ్యి రాజేయుటకు వంటచెఱకును తీఱికయు లేక తినిరి.

ఫలహారపు కథ వేఱు. ఫలాహారమనగా పండ్లు తినుట. ఉపవాసమున అన్నము పనికిరాదు గాని పండ్లు తినవచ్చును. పండ్లనుండి అటుకులకు, అటుకులనుండి ఉప్పుడుపిండికి, అందుండి ఇడ్డెనలకు ఈ మాట మెల్లమెల్లగా వ్యాపించినది. శనివారము రాత్రి ఒంటిపూటవారు అన్నము మాని, అదే బియ్యమును రవ్వ చేసి ఉడికించి తినిన అది భోజనము కాదు, ఫలహారము. రోములో బ్రంకాచ్చో చాకొలెట్టుకు చేసిన ఉపకారమునే మన యమ్మమ్మలు గ్రంథము వ్రాయకుండనే రవ్వకు చేసిరి. అందుచేతనే నేటికిని నాలుగు ఇడ్డెనలు, రెండు గారెలు, ఒక అట్టు తిని లేచినవాడు, ఇంకను భోజనము చేయలేదని నిజాయితీగా చెప్పగలుగుచున్నాడు. ఇడ్డెన క్రొత్తది కాదు. 10వ శతాబ్దపు కన్నడ గ్రంథమగు వడ్డారాధనెలోను, 12వ శతాబ్దమున చాళుక్య సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసములోను దాని పేరు కలదు. ఆనాటిది మినుప పిండితో చేసినది. బియ్యపు ప్రసక్తి యందు లేదు. అప్పుడది ప్రతి ప్రొద్దుటి తిండియు కాదు.

అది ప్రొద్దుటికి వచ్చుటకు కారణము మరల గడియారమే. టిఫిను అను మాటను ఇంగ్లీషువారు ఈ దేశమున తమ మధ్యాహ్నపు తిండికి వాడిరి. మనవారు దానిని సాయంకాలపు చిరుతిండికి తీసికొనిరి. మా మాతామహుడు తాలూకా కచ్చేరీలో గుమాస్తా. తెల్లవాఱగానే ఒక లోటా కాఫీ, తొమ్మిదిన్నరకు నిండుభోజనము, పదిన్నరకు కచ్చేరీ, ఇంటికి తిరిగివచ్చిన పిమ్మట టిఫిను, రాత్రి భోజనము. ఇది ఆయన క్రమమని మా తల్లి చెప్పుచుండును. కచ్చేరీయు బడియు పది దాటిన తరువాత తెఱచినంతకాలము ప్రొద్దుటి తిండికి అవసరమే లేకపోయెను. తరువాత పనివేళలు ముందుకు జరిగెను, ఆఫీసు ఇంటికి దూరమయ్యెను, భోజనము డబ్బాలోనికి పోయెను. అప్పుడు సాయంకాలపు టిఫిను ప్రొద్దుటికి తరలివచ్చి, చద్ది కూర్చున్న పీట నాక్రమించెను. ఫ్రాన్సులో దెజునే జరిగినట్లే మన టిఫినును జరిగినది. దిక్కు మాత్రము వేఱు.

చద్ది పీట విడుచుటకు వేళ యొక్కటియే కారణము కాదు. కాఫీ త్రాగుట నాగరకత యయ్యెను. దానిని నిందించినవారు లేకపోలేదు. గాంధీగారు 1942లో వ్రాసిన ఆరోగ్య గ్రంథమున టీ, కాఫీ, కోకోలు దేహమునకు అవసరములు కావనిరి. అయినను 1930లలో కాఫీశాలలు నగరములందు వెలసి, కప్పును సాసరును పరువునకు గుర్తులైనవి. చద్దన్నము తినుట పాలేరుతనమునకు గుర్తయ్యెను. బడిలో ఏమి తిని వచ్చితిరని నేనడిగినప్పుడు, చద్దన్నము తిన్న పిల్లవాడు ఇడ్డెనలని అబద్ధమాడుటను ఎఱుగుదును. నేడు నక్షత్రముల హోటళ్లలో మట్టిమూకుడున చద్దన్నము పెట్టి వందలకొలది రూపాయలు తీసికొనుచుండ, ఆ సిగ్గు అందఱిలోను పోయినదని చెప్పలేను.

ఇంతకును తేలికయా, బలమా? పెద్దల విషయమున పందెము వేయనక్కఱలేదు. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నలు ప్రకటించిన సమీక్ష యొకటి 13 ప్రయోగములను పరిశీలించి, ప్రాతరాశము తినిన పెద్దవారు బరువు తగ్గుదురనుటకు ఆధారము లేదని తేల్చెను. మధ్యాహ్నము పండ్రెండింటికి అన్నము తినువాడు ప్రొద్దుట కాఫీతో నుండవచ్చును. రెండింటి వఱకు అన్నమెఱుగనివాడు తినిపోవలయును. పిల్లల విషయమున మాత్రము నేను ఇంత నిబ్బరముగా ఉండలేను.

ఇంగ్లండులో 1906లో బడిపిల్లలకు అన్నము పెట్టుటకు స్థానిక సంఘముల కధికారమిచ్చు చట్టము వచ్చెను. మఱుసటి సంవత్సరము బ్రాడ్‌ఫర్డు నగరమున సుమారు నలువదిమంది బీదపిల్లలకు కొన్ని వారములు ప్రొద్దుట ఓటుగంజియు పాలును, మధ్యాహ్నము భోజనమును పెట్టి బరువు తూచిరి. పెట్టిన వారములలో బరువు పెరిగినది. నడుమ పండుగ సెలవులు వచ్చి పిల్లలు ఇంటివద్ద నున్నప్పుడు తగ్గినది. మరల పెట్టగా మరల పెరిగినది. ఇంతకంటె స్పష్టమైన చరిత్రపుట నేను చదువలేదు. మన దేశమున 2020 నాటి జాతీయ విద్యావిధానము బడిలో ప్రాతరాశము పెట్టవలెనని సిఫారసు చేసినది. తమిళనాడు ప్రభుత్వము 2022 సెప్టెంబరు 15న ప్రాథమిక పాఠశాలలలో దానిని ఆరంభించినది. బడి ప్రార్థనలో నిలుచుండి తూలిపడిన పిల్లవానిని నేను చేతులతో ఎత్తి కూర్చుండబెట్టిన దినము లున్నవి. ఏమి తిన్నావని యడిగిన "టీ తాగొచ్చాను సార్" అనును. ఆ తేలిక ప్రాతరాశమున ఉపవాసమును లేదు, నాగరకతయు లేదు. తల్లి తెల్లవాఱకముందే కూలికి పోయినది, అంతే.

ఈ వ్యాసమునకై మనుస్మృతి తిరుగవేయుచుండగా మఱియొక శ్లోకము కనబడినది. అతిథులు, బంధువులు, భృత్యులు తినిన పిదప మిగిలినదానిని దంపతులు భుజింపవలెనని దాని భావము. దంపతులనుట ద్వివచనము, భార్య యొక్కతె యని లేదు. మా తల్లికి ఆ యర్థము చెప్పి, ఇన్నేండ్లుగా ప్రొద్దుట నీవెప్పుడు తినుచుంటివని యడిగితిని. ఆమె కొంచెము ఆలోచించి, "మీ నాన్న ఆఫీసుకీ, మీరు బడికీ వెళ్లాక, పొయ్యి తుడుచుకున్నాక తినేదాన్ని నాయనా. పదయ్యేది, ఒక్కోనాడు పదకొండు" అనెను. ఏమి తినెడిదానవని యడిగితిని. ఇడ్డెనలు మీకు సరిపోయేవనియు, తనకు రాత్రి యన్నము ఉండెడిదనియు చెప్పినది. నలువదియేండ్లుగా మా యింట చద్దన్నము తినువారు లేరనియే నేను తలచుచుంటిని.